పద్యం చదివే చదువు

"మా అబ్బాయి నాటకం చదువుతున్నాడు." ఈ మాట విన్నవాళ్లు ఒక్క క్షణం ఆగుతారు. కన్యాశుల్కం పుస్తకం పట్టుకుని కూర్చున్నాడనా, లేక విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖలో చేరాడనా? ఆగడానికి కారణం ఉంది. మన ఇళ్లలో చదువుకూ నాటకానికీ పడదు. "చదువు మానేసి నాటకాలేస్తున్నాడు" అన్నది ఫిర్యాదు. "నాటకాలాడకుండా చదువుకో" అన్నది ఆజ్ఞ. ఇలాంటి రెండు మాటల్ని ఒకే వాక్యంలో పక్కపక్కన కూర్చోబెడితే చుట్టాలకు ఏమనాలో తోచదు. "దాంతో ఏం ఉద్యోగం వస్తుందండీ?" అని అడిగి ఊరుకుంటారు. ఆ సంగతి వాళ్లకే వదిలేద్దాం. నా ధ్యాసంతా ఆ వాక్యం చివరనున్న క్రియ మీద.

ఆ అబ్బాయి చేరింది పద్యనాటకం నేర్పే తరగతిలో అయితే ఆ క్రియకు మూడో అర్థం కూడా తోడవుతుంది. పాత పద్యనాటకాలు చూసి పెరిగినవాళ్లు నటుణ్ణి మెచ్చుకునేటప్పుడు "పద్యం చదివాడయ్యా, చదివితే అలా చదవాలి" అంటారు. ఆ నటుడి చేతిలో పుస్తకం ఉండదు. నెత్తిన కిరీటం, భుజాన గద, పక్కన హార్మోనియం. అయినా అతను చేసిన పనికి పేరు చదవడమే. "పాడాడు" అనే మాట కూడా ఉంది. వాడేవాళ్లూ ఉన్నారు. కానీ ఆ రెండు మాటల మధ్య తెలుగు రంగస్థలం మీద తరాలుగా ఒక తగువు నడుస్తోంది. పద్యాన్ని చదవాలా, పాడాలా? సంగీత నాటకం నేర్చుకోవడానికి కాలేజీలో చేరిన పిల్లలకు మొదటి నెలలోనే ఎదురయ్యే తగువు ఇది. దీన్ని తీర్చడానికి సంగీతశాస్త్రం దగ్గరకు వెళ్లేముందు "చదువు" అనే మాట దగ్గర కాసేపు కూర్చోవడం మంచిదని నా ఉద్దేశం.

ఈ మాటకు మొదట్నుంచీ చోటు నోట్లోనే. పురోహితుడు మంత్రం చదువుతాడు. ఎదురుగా పుస్తకం ఉన్నా లేకపోయినా చదువుతాడనే అంటాం. మసీదులో నమాజు చదువుతారు. "చదువుసంధ్యలు" అనే జంటలో రెండో మాట సంధ్యావందనం. దానికి జతగా కూర్చున్న చదువు ఆ రోజుల్లో గట్టిగా వల్లె వేసే చదువే గానీ కళ్లతో జారిపోయే చదువు అయ్యుండదు. చదువులమ్మ చేతిలో పుస్తకంతో పాటు వీణ ఉంటుంది. పోతన ప్రహ్లాదుణ్ణి తండ్రి తొడమీద కూర్చోబెట్టుకుని ఏం చదివావో చెప్పమంటాడు. పిల్లవాడు పద్యం అప్పజెబుతాడు. పరీక్ష మౌఖికం, జవాబు మౌఖికం. దాని ఫలితం ఏమైందో అందరికీ తెలుసు.

ఇప్పుడు మనం "పైకి చదువు" అని చెప్పాల్సి వస్తోంది. గమనించండి, "పైకి" అనే మాట అవసరమైందంటే చదవడమంటే మామూలుగా లోపలే జరిగే పని అని మనకు స్థిరపడిపోయిందన్నమాట. మా అమ్మమ్మ తరం వాళ్ల దగ్గర వ్యవహారం తలకిందులుగా ఉండేది. ఉత్తరం తెచ్చి ఇచ్చి "చదువు" అంటే గట్టిగా చదివి అందరికీ వినిపించమని. పెదవి కదపకుండా చదువుతుంటే "ఏంట్రా, లోపల్లోపల చదువుకుంటున్నావు?" అని కసిరేవారు. "లోపల్లోపల" అని విడిగా చెప్పాల్సింది అప్పుడు మౌనంగా చదివేవాడి గురించి.

ఆ కసురులో ఇంకో కిటుకు కూడా ఉంది. "చదువుతున్నావు" అనలేదు, "చదువుకుంటున్నావు" అన్నారు. తెలుగు క్రియకు "కొను" తగిలిస్తే ఆ పని ఫలం చేసినవాడికే చేరుతుంది. వండాడు వేరు, వండుకున్నాడు వేరు. ఉత్తరం చదివాడంటే ఎవరైనా విని ఉండవచ్చు. చదువుకున్నాడంటే తనకోసమే. కాలేజీ వ్యవహారమంతా ఈ "కొను"తో నడుస్తుంది. ఏం చదువుకున్నావు, ఎక్కడ చదువుకున్నావు, చదువుకున్నవాడివి నీకు చెప్పాలా. రంగస్థలం మీద మాత్రం ఈ ప్రత్యయం నిలవదు. "దుర్యోధనుడు పద్యం చదువుకున్నాడు" అంటే తెర వెనక అద్దం ముందు గొణుక్కున్నాడని అర్థం. ప్రేక్షకుల ముందుకు వచ్చాక చదవడమే. నటన నేర్పే గురువులు పిల్లల్తో పడే అవస్థలో సగం ఈ "కొను"ను రాల్చడానికే. హాస్టలు గదిలో అద్భుతంగా వచ్చిన పద్యం వేదిక మీద మూడో వరస దాటదు. వాడింకా చదువుకుంటూనే ఉన్నాడు పాపం.

ప్రత్యయాన్ని ఇటు మార్చి "ఇంచు" తగిలిస్తే మరో లోకం తెరుచుకుంటుంది. "ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను" అంటే ఫీజులు కడుతున్నానని. పెళ్లిలో "నూటపదహార్లు చదివించాను" అంటే కట్నం ఇచ్చానని. రెండింట్లోనూ డబ్బే పోతుంది గానీ రెండో ప్రయోగంలో చదువు ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే పాత పెళ్లి పందిట్లోకి వెళ్లాలి. కానుక ఇచ్చినవాళ్ల పేరు, ఇంటిపేరు, వరస, మొత్తం, అన్నీ పందిరంతా వినబడేలా ఒకరు చదివేవారు. అలా చదివేలా చేయడమే చదివించడం. వచ్చినవే చదివింపులు. ఇప్పుడు ఒకాయన బల్ల దగ్గర కూర్చుని నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు, కవరు తీసుకుని సంచిలో వేస్తున్నాడు. చదివేవాడు పోయినా మాట మిగిలింది.

పల్లెటూరి నాటకాల్లో చదివింపులకు ఇంకా ప్రాణం ఉంది. తెల్లవార్లూ జరిగే ఆటలో ఒక రంగం అయ్యీ అవగానే, ఒక్కోసారి అవకముందే, మైకు ముందుకు ఒక పెద్దమనిషి వస్తాడు. ఫలానా గ్రామ వాస్తవ్యులు, ఫలానా వారు, హరిశ్చంద్ర పాత్రధారి పద్యపఠనానికి మెచ్చి చదివించిన నూటపదహారు రూపాయలు అని చదువుతాడు. హరిశ్చంద్రుడు కాటికాపరి వేషంలోనే చేతులు జోడించి దణ్ణం పెడతాడు. రసభంగం అని విమర్శకులు ముఖం చిట్లించారు. నిజమే, రసభంగమే. కానీ ఆ వేదిక మీద పద్యమూ చదివేదే, కానుకా చదివేదే. ఒకే పందిట్లో ఒకే క్రియ రెండు పనులు చేస్తోంది. రెండు పనులకూ కావాల్సింది ఒకటే: మాట చివరి మనిషి దాకా స్పష్టంగా చేరడం. దాత పేరు చదివేటప్పుడు ఎవరూ రాగం తీయరు. తీస్తే దాత ఊరుకోడు.

ఇక తగువు సంగతి. తెలుగు నాటకంలో పాటలూ రాగాలూ ఇంతగా పాదుకోవడానికి కారకుల్లో మొదట చెప్పుకునే పేరు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. బళ్లారిలో సరసవినోదినీ సభ పెట్టి 1880ల నుంచి నాటకాలు రాసి ఆడించి ఆంధ్ర నాటక పితామహుడని బిరుదందుకున్న మనిషి. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ. వృత్తికి ప్లీడరు. 1880లో పుట్టి 1946లో పోయాడు. మామ తెచ్చిపెట్టిన రాగాల్ని కత్తిరించే పని మేనల్లుడు చేపట్టాడు. భావాన్ని మింగేసే ఆలాపన ఆయనకు గిట్టేది కాదు. పద్యాన్ని మాటలాగా, పాత్ర నోటి నుంచి అప్పుడే పుట్టినట్టు చదవాలన్నది ఆయన దారి. ఆడపాత్రలు ఆడవాళ్లే వేయాలన్న పట్టుదల కూడా ఆయనదే. ఒకే ఊళ్లో, ఒకే కుటుంబంలో, రెండు తరాల మధ్య ఈ వాదం పుట్టి పెరగడం చూస్తే తెలుగు నాటక చరిత్రను ఎవరో నాటకకర్తే రాశాడేమో అనిపిస్తుంది.

రెండు వైపులా మనుషులు గట్టివాళ్లే. మైలవరం కంపెనీ లాంటి సమాజాలు వరసలు కట్టేవాళ్లను పెట్టుకుని హిందుస్తానీ రాగాలను పల్లెల దాకా తీసుకుపోయాయి. ప్రేక్షకులు "వన్స్ మోర్" అన్నారు, నటులు మళ్లీ ఎత్తుకున్నారు. పాడేవాళ్ల మీద కక్షతో చదివే పక్షంవాళ్లు వేసిన శ్లేష ఒకటుంది: పద్యం పాడాడు అనకండి, పద్యాన్ని పాడు చేశాడు అనండి. పాడటం, పాడవడం రెండు వేరు వేరు మాటలు, పోలిక పైపైదే. అయినా హార్మోనియం పెట్టె దగ్గర ఈ శ్లేష ఇప్పటికీ చెల్లుబాటవుతోంది. వినగానే నవ్వు రావడం మానేసి చాలాకాలమైందనుకోండి.

నా అనుమానం ఏమిటంటే, ఈ తగువు రావడానికే కారణం "చదువు" మాట మధ్యలో మూగబోవడం. చదవాలి అన్న పక్షం ఉద్దేశించింది పాత అర్థం, గొంతున్న అర్థం. పాడాలి అన్న పక్షానికి వినబడింది కొత్త అర్థం, వార్తాపత్రిక చదివే అర్థం. "పత్రిక చదివినట్టు చదివితే ఎవడు చూస్తాడండీ?" అని వాళ్లు అడగడంలో న్యాయం ఉంది. రాఘవ పత్రిక చదివినట్టు చదవమన్నాడా మరి?

ఈ ముడి విప్పడానికి నాట్యశాస్త్రం పనికొస్తుంది. బ్రహ్మ నాట్యవేదాన్ని సృష్టించేటప్పుడు ఋగ్వేదం నుంచి పాఠ్యాన్ని, సామవేదం నుంచి గీతాన్ని, యజుర్వేదం నుంచి అభినయాన్ని, అథర్వవేదం నుంచి రసాల్ని తీసుకున్నాడని భరతుడు మొదటి అధ్యాయంలోనే చెబుతాడు. పాఠ్యం వేరు, గీతం వేరు. చదవడం ఒక వేదం, పాడటం ఒక వేదం. ఇక్కడితో ఆగితే రాఘవ గెలిచాడనుకోవచ్చు. కానీ పాఠ్యానికి ఉండాల్సిన గుణాలంటూ భరతుడు మరోచోట ఇచ్చిన పట్టికలో మొట్టమొదట ఉన్నవి సప్తస్వరాలు! హాస్య శృంగారాలకు మధ్యమ పంచమాలు, వీర రౌద్ర అద్భుతాలకు షడ్జ ఋషభాలు, కరుణానికి గాంధార నిషాదాలు, బీభత్స భయానకాలకు ధైవతం. తరవాత మూడు స్థానాలు: రొమ్ము, కంఠం, శిరస్సు. పక్కనున్న మనిషితో రొమ్ములోంచి, కొంచెం దూరంలో ఉన్నవాడితో కంఠంలోంచి, బాగా దూరాన ఉన్నవాడితో శిరస్సులోంచి మాట్లాడమంటాడు. ఇప్పటి వాయిస్ క్లాసుల్లో ఛాతీ గొంతు, తల గొంతు అని నేర్పుతున్నది దీనికి ఎంతో దూరం కాదు. తరవాత ఉదాత్తం, అనుదాత్తం, స్వరితం, కంపితం. ఆరు అలంకారాలు, ఆరు అంగాలు. ఇవన్నీ పాటకు చెప్పిన లక్షణాలనుకునేరు. మాటకు చెప్పినవి.

ఆ పట్టికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది కాకువు. సాకాంక్ష, నిరాకాంక్ష అని రెండు రకాలు. మాట పూర్తయిందా, ఇంకా ఏదో మిగిలుందా అన్నది గొంతు మలుపుతోనే తెలియజేయడం. "రేపు వస్తాడు" అన్న రెండు ముక్కల్నే తీసుకోండి. గొంతు కిందికి దించితే వార్త. చివర కాస్త ఎత్తి ఆపితే బెదిరింపు, లేదా ఎదురుచూపు, లేదా వెటకారం. అక్షరం ఒక్కటీ మారలేదు. మారిందంతా స్వరమే. దీన్ని చదవడమంటామా, పాడటమంటామా? భరతుడికి ఈ ప్రశ్న పుట్టనేలేదు. ఆయన పాఠ్యంలో స్వరం ముందే ఉంది. ఆ పాఠ్యమే మన దగ్గర పాఠమై, పాఠ్యపుస్తకమై, పాఠ్యాంశమై బడిసంచిలో చేరింది. పాత కాపురం మాత్రం సంగీత విద్వాంసుల దగ్గర మిగిలింది. వాళ్లు "మా గురువుగారి పాఠాంతరం" అంటే గురువు నోటినుంచి నేర్చుకున్న తీరు అని. గ్రంథ పరిష్కర్తలు అదే మాట అంటే వేరే తాళపత్ర ప్రతిలో కనబడ్డ అక్షరభేదం.

శాస్త్రం చాలు, క్లాసులోకి వెళదాం. పద్యనాటకం నేర్పేచోట తరచుగా ఎత్తుకునే పద్యం ఒకటుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో, నిద్రలేచిన కృష్ణుడు తలవైపు కూర్చున్న దుర్యోధనుణ్ణి బావా అని పలకరించే పద్యం. తెలుగువాళ్లలో దాని మొదటి మాటలు రానివాళ్లు తక్కువ. శార్దూలం. పాదానికి పందొమ్మిది అక్షరాలు, పదమూడో అక్షరం యతి. ఇంట్లో అందరూ కులాసానా అనే పరామర్శలే పద్యమంతా. తమ్ముళ్లు, కొడుకులు, చుట్టాలు, కర్ణుడు, భీష్ముడు, ద్రోణాదులు, ఒక్కొక్కరినీ పేరుపేరునా అడుగుతాడు.

ఒక కుర్రాడు లేచి నిలబడ్డాడు. చక్కని గొంతు. హార్మోనిస్టు గారు శ్రుతి ఇచ్చారు. పిల్లవాడు రాగం తీశాడు, మొదటి పాదం అందుకున్నాడు, పాదం చివర ఒక సంగతి వేశాడు. రెండో పాదం చివర ఇంకోటి. మూడో పాదం చివర దీర్ఘం దొరికింది, "భూ..." అని పైకి వెళ్లి, అక్కడ తిరిగి, దిగి, గాలి పీల్చుకుని, నాలుగో పాదం "దేవుల్" అని మొదలుపెట్టాడు. క్లాసు చప్పట్లు కొట్టింది.

మాస్టారు చప్పట్లు ఆగేదాకా ఊరుకుని, "బాబూ, ద్రోణుడూ మొదలైనవాళ్లు ఎవరు?" అని అడిగారు.

"దేవుళ్లు, సార్."

"ఏ గుళ్లో?"

భూదేవులంటే బ్రాహ్మణులు. ద్రోణుడు, కృపుడు, అశ్వత్థామ. కవులు ఆ మాటను మూడో పాదం చివరా నాలుగో పాదం మొదటా పంచిపెట్టారు. తెలుగు పద్యానికి ఇది మామూలే, మాట పాదం హద్దు దాటి హాయిగా అవతలికి వెళ్లిపోతుంది. సంస్కృత శ్లోకం ఈ స్వేచ్ఛ ఇంతగా ఇవ్వదు. పాడేవాడు పాదం చివర ఆగుతాడు, ఎందుకంటే రాగానికి అక్కడ మలుపు దొరికింది. చదివేవాడు మాట చివర ఆగుతాడు. భూదేవుల్ని భూమి మీద వదిలేసి దేవుల్ని గుళ్లోకి పంపింది ఆ పిల్లవాడి అజ్ఞానం కాదు, ఆ సంగతే.

మాస్టారు హార్మోనియం ఆపించారు. పద్యాన్ని వచనంలా, అన్వయం ప్రకారం, ఒక్కో ప్రశ్న విడదీసి చెప్పమన్నారు. కర్ణుడి క్షేమం అడిగేటప్పుడు కృష్ణుడి గొంతు ఎలా ఉండాలి? దుర్యోధనుడి బలమంతా కర్ణుడి మీదే ఆధారపడిందని ఇద్దరికీ తెలుసు. ఆ కులాసా ప్రశ్నలో ఒక గిల్లుడుంది. భీష్ముణ్ణి అడిగేటప్పుడు అదే గొంతు కుదరదు, అక్కడ నిజంగానే గౌరవం ఉంది. అప్పటికి ఆ పిల్లవాడు పద్యాన్ని పదిసార్లయినా పాడి ఉంటాడు, అందులో అన్ని ప్రశ్నలున్నాయని గమనించలేదు. అరగంట తరవాత హార్మోనియం మళ్లీ మొదలైంది. ఈసారి రాగం ఉంది, కాకువూ ఉంది. మూడో పాదం నుంచి నాలుగో పాదంలోకి గాలి పీల్చకుండా దాటాడు. ఊపిరి చాలక చివర్లో గొంతు జీరబోయింది. మాస్టారు "రేపు ఊపిరి చూద్దాం, ఇవాళ్టికి ఇది చదవడం" అన్నారు.

ఆయన ఇంకో దిద్దుబాటు కూడా చేశారు, అది ఈ మాటకు సంబంధించిందే. ఇంగ్లీషు మీడియంలో పెరిగిన ఒకమ్మాయి "చదువు" అనేటప్పుడు మొదటి అక్షరాన్ని "చీమ"లో పలికినట్టు పలికింది. "ౘదువు అమ్మా. చలి, చల్ల, చదువు అన్నీ పళ్లదగ్గర పలకాలి. చీమ, చెరువు, చేప అంగిట్లో." చిన్నయసూరి వ్యాకరణంలో దంత్య తాలవ్య భేదం చెప్పాడు. బ్రౌను దాన్ని ప్రత్యేకంగా గుర్తించాడు. యూనికోడులోనూ దానికో అక్షరం కేటాయించారు. రాతలో మాత్రం ఎప్పుడో వదిలేశాం. కళ్లతో చదివే చదువుకు ఈ తేడా అక్కర్లేదు. తెలంగాణలో చాలామంది నోట "సదువు" అవుతుంది. అదీ పళ్లదగ్గర పుట్టిన ధ్వనే కాబట్టి, నన్నడిగితే చీమలో చకారం కన్నా అదే అసలు ఉచ్చారణకు దగ్గర.

పాటను ముందు మాటగా చెప్పించి ఆ తరవాత పాడించడం మన మాస్టార్లు మాత్రమే చేసే పని కాదు. అమెరికా కాలేజీల్లో సంగీత నాటకం నేర్పేవాళ్లు కూడా బాణీ పక్కన పెట్టి పాటలోని సాహిత్యాన్ని సంభాషణలా చెప్పించడం మామూలే. 1956లో బ్రాడ్వేలో మొదలైన "మై ఫెయిర్ లేడీ"లో రెక్స్ హారిసన్ ప్రొఫెసర్ హిగ్గిన్స్ పాటల్ని పాడీ పాడనట్టు, సగం మాటగా అనేశాడు. ఆ పాత్రకు అదే గుర్తయింది. మన పెద్దవాళ్లు ఆయన్ను చూసి ఉంటే ఏమనేవారో ఊహించడం కష్టం కాదు: చదివాడు అనేవారు.

పాడినవాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం. మైకులు రాకముందు వేల మంది జనం, పెట్రోమాక్సు దీపాలు, ఆరుబయలు. మాట చివరి మనిషికి చేరాలంటే పై స్థాయిలో నిలబెట్టిన స్వరమే దారి. అందుకే ఆ నటులు అంత ఎక్కువ శ్రుతిలో ఎత్తుకునేవారు. రాగం వాళ్లకు అలంకారం కన్నా ముందు రవాణా సాధనం. రాగం తీస్తే భావం చస్తుందన్నది కూడా అన్ని వేళలా నిజం కాదు. స్థానం నరసింహారావు శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా ఒకే పల్లవిని మళ్లీ మళ్లీ అందుకుని ప్రతిసారీ కొత్త భావం చూపేవాడని చూసినవాళ్లు రాశారు. ఆ మనిషి పాడుతూనే చదివాడు. మరోవైపు సినిమాలో నిడివి తక్కువ కావడం వల్ల ఘంటసాల పద్యాల్లో ఆలాపన చిక్కిపోయి మాట తేటపడింది. ఇప్పటి విద్యార్థుల చెవిలో ముందుగా ఉండేది ఆ పద్ధతే. వేదిక మీద పాత ఆలాపన వింటే వాళ్లకు సాగతీతలా అనిపించడం, పాతవాళ్లకు సినిమా పద్యం ఉరుకులాటలా అనిపించడం, రెండూ చూశాను.

ఇంతకీ పద్యాన్ని "చెప్పేది" ఇంకొకరు. అవధాని పద్యం చెబుతాడు. చెళ్లపిళ్ల వారు పద్యం చెప్పారు అంటే అప్పటికప్పుడు అల్లారని. రాయడం లేఖకుడి పని. అలా పద్యం పుట్టినప్పుడూ నోట్లోనే ఉంది, వేదిక మీదా నోట్లోనే ఉంది. మధ్యలో కాగితం మీద కాసేపు ఉంటుంది. దానికే "చదువు" అనే మాటను మొత్తంగా రాసిచ్చేశాం.

రాసిచ్చేశాక వచ్చిన వింత ఒకటుంది. "చదువు రానివాడు" అంటే ఇప్పుడు అక్షరం ముక్క రానివాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధ ఆడించినప్పటి నుంచి తరతరాలుగా వేదిక మీదే పుట్టి పెరిగిన కుటుంబాలున్నాయి. ఊరూరా డేరా వేసుకుని తిరిగే ఆ బతుకులో ఎందరికో బడి దక్కలేదు. ఉయ్యాల్లో పిల్లలు తెరవెనక విన్న పద్యాల్ని నడక వచ్చేసరికి అప్పజెప్పేవారు. కనక "చదువు రానివాడు పద్యం బ్రహ్మాండంగా చదివాడు" అనే వాక్యం తెలుగులో సాధ్యం, అబద్ధం కూడా కాదు. తరవాత బి.వి. కారంత్ వంటి దర్శకులు వచ్చి సురభి వాళ్లతో కొత్త నాటకాలు చేయించినప్పుడు ఎవరు ఎవరికి నేర్పారన్నది నిజంగా చర్చించదగ్గ విషయం. విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖల్లో డిగ్రీలున్న పిల్లలు ఈ డిగ్రీ లేని గొంతుల దగ్గర కూర్చుని నేర్చుకోవడం ఇప్పుడు కొత్తేమీ కాదు.

గురజాడకు ఈ చిక్కు బాగా తెలుసు. కన్యాశుల్కంలో కొడుకు పట్నంలో ఏం చదువుకొచ్చాడో చూద్దామని వెంకమ్మ ముచ్చట పడుతుంది, ఇంగ్లీషులో మాట్లాడి వినిపించమంటుంది. గిరీశం, వెంకటేశం పిల్లల పాటలూ పాఠ్యపుస్తకం ముక్కలూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటారు. తల్లి మురిసిపోతుంది. ప్రేక్షకులు పగలబడి నవ్వుతారు. నవ్వు ఎందుకంటే అర్థం సున్నా. కానీ వాళ్లిద్దరి మధ్య ఎత్తులు, ఆపులు, ఒకడి మాట ఒకడు అందుకునే లయ ఉన్నాయి చూశారూ, అవి నిజమైన సంభాషణవే. అర్థం ఒక్కటి తప్ప పాఠ్యగుణాలన్నీ ఉన్నాయి. గిరీశం వేషం వేసే విద్యార్థికి ఆ రంగాన్ని మించిన అభ్యాసం లేదు. ఆలాపనలో మునిగిపోయి అర్థం వదిలేసిన పద్యనటుడి మీద వెక్కిరింతగా కూడా దాన్ని చదువుకోవచ్చు. గురజాడ ఆ ఉద్దేశంతో రాశాడని నేననను.

ఇక మిగిలింది మార్కుల సంగతి. పద్యనాటకం ప్రాక్టికల్ పరీక్షకైనా, పోటీకైనా మార్కుల కాగితం తయారు చేసేవాళ్లు వాచికానికి ఒక గడి, గానానికి ఇంకో గడి గీయాలనుకోవడం సహజం. లెక్కకు వీలుగా ఉంటుంది. అప్పుడు ఆ కుర్రాడు "భూ" దగ్గర వేసిన సంగతికి గానం గడిలో పదికి తొమ్మిది పడతాయి, వాచికం గడిలో నాలుగు పడతాయి, మొత్తం మీద గట్టెక్కుతాడు. నాలుగో పాదం దాకా ఊపిరి బిగబట్టి మాట నిలబెట్టిన రోజున జీరబోయిన గొంతుకు గానంలో కోత పడుతుంది, మొత్తం మీద వెనకబడతాడు. ఆ కాగితం నా చేతికిస్తే రెండు గళ్ల మధ్య గీత చెరిపేసి పైన "పద్యం చదవడం: 20" అని రాస్తాను. హార్మోనిస్టు గారు ఒప్పుకుంటారని మాత్రం పూచీ ఇవ్వలేను.